నడుము లోతున

వాన పడింది.

మట్టి వాసన రాలేదు.

తొలకరి చినుకులు రాళ్ల మీద, రేకుల మీద, బుల్‌డోజర్ మీద పడ్డాయి. అతను డోజర్ తలుపు తెరిచి గట్టిగా ఊపిరి పీల్చాడు. తడి ఇనుము వాసన... డీజిల్ వాసన... అంతే.

ఈ పసుపు బంకమట్టికి వాసన లేదు. ఆ సంగతి అతనికి అందరికంటే బాగా తెలుసు.

ఇక్కడ ఇరవై ఏళ్లు బొగ్గు తవ్వారు. చేలన్నీ ఎత్తి పక్కన పెట్టి, ఆకాశం కిందే కొండంత గొయ్యి చేసి తవ్వారు. బొగ్గు అయిపోయాక గొయ్యి పూడ్చారు, నేల చదును చేశారు, వాన నీళ్లు పోవడానికి కాలవలు తీశారు. తవ్విన డోజరే పూడ్చింది. నడిపినవాడూ అతనే.

వాలు మీద ఒక నేల చెక్క ఉంది. ఒకప్పుడది అతని అత్తగారి చేను. ఇప్పుడక్కడ గడ్డి నాటే పని అతని భార్యది. అడిగి మరీ తీసుకుంది. గడ్డి నిలబడితే చేను తిరిగి ఇస్తామన్నారు.

ఆమె చేతి చలవ అలాంటిది. "అక్క గొడుగు గుచ్చినా చిగురేస్తుంది, ఇక దాన్ని పీకలేం, వానలో తడవాల్సిందే," అని తోటివాళ్లు ఆటపట్టించేవారు.

మొదటి ఏడు నాటింది. ఎండిపోయింది.

రెండో ఏడు నాటింది. ఎండిపోయింది.

మూడో ఏడు బిందెలతో నీళ్లు మోసింది. భుజం వాచిపోయినా మోసింది. ఎండిపోయింది.

వేళ్లు పట్టని మట్టి ప్రతి వానకీ కరిగి కాలవలోకి జారింది. వాలు చూసుకుని, వంపు చూసుకుని, అతను ముచ్చటపడి తీసిన కాలవ. అది పూడిపోయి నీళ్లు గట్టు దాటాయి. కింద ఇళ్లలోకి వెళ్లాయి. ఆ ఇళ్లలో ఒకటి వాళ్లదే. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకుని పడుకున్నారు.

ఇప్పుడు గొడుగు మాట ఎవరూ ఎత్తడం లేదు.

ఆమె అన్నం ముందు కూర్చుని అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటుంది.

"నా చేతుల్లో చలవ పోయిందయ్యా," అంటుంది.

తప్పు చేసిన చెయ్యి, అతని చెయ్యి, పక్క పళ్లెంలో అన్నం కలుపుతూ ఉంటుంది.

నాలుగేళ్ల కిందట... ఒక సాయంత్రం.

గొయ్యి నిండడానికి రెండే పొరలు మిగిలాయి. ముందు బంకమట్టి పోయాలి, దాని మీద నల్లమట్టి పరచాలి. నల్లమట్టి అంటే చేల పైమట్టి. తవ్వకం మొదలైన నాడే గీసి తీసి, ఇన్నేళ్లూ కుప్పగా దాచి ఉంచిన మట్టి. ఆ పొర పొయ్యందే ఇంటికి పోకూడదు, ఆ సాయంత్రం బంకమట్టి లారీలు రాలేదు. నల్లకుప్ప ఎదురుగానే ఉంది. అతను దాన్నే లోపలికి తోసేశాడు.

ఏం కొంపలు మునిగాయని? ఏమీ లేదు. ఆకలేసింది. ఇంటికి పోవాలనిపించింది. మట్టే కదా, ఏది పైనుంటే ఏం అనుకున్నాడు.

పొద్దున లారీలు వచ్చాయి. నల్లమట్టిని మళ్లీ బయటికి లాగితే అందరూ చూస్తారు. బంకమట్టి పైన పరిచేశాడు. నల్లమట్టి ఏదని అడిగితే, వరదకి కొట్టుకుపోయిందన్నాడు. అందరూ నమ్మారు. ఆమె ఆ రోజు ఇంటికొచ్చి మనిషి పోయినట్టు ఏడ్చింది. అతను పక్కన కూర్చుని ఓదార్చాడు. ఓదార్చాడు కూడానూ!

ఇవాళ సూపర్‌వైజర్ వచ్చి తేల్చేశాడు.

"ఇక ఈ చెక్కకో దణ్ణం. రేపు రాళ్లు పరిచేద్దాం, కాలవైనా బతుకుతుంది. నువ్వే తొయ్యాలి," అని అతని భుజం తట్టాడు.

రాళ్ల లారీలు అప్పుడే వరసగా నిలబడ్డాయి. రాళ్లు పడితే ఇక చేను లేదు. ఆమె నారు గంప పక్కన, తడి నేల మీద అలాగే కూర్చుండిపోయింది.

చెప్పాలి.

చెబితే నల్లమట్టి పైకొస్తుంది. చేను బతుకుతుంది.

చెబితే — ఆమె మోసిన బిందెలన్నీ పైకొస్తాయి. ఆ ఓదార్పు కూడా.

భయం వేసింది. నిజంగా భయం. డోజర్ దిగి, పార తీసుకుని, చెక్క మధ్యకి నడిచాడు.

మోకాలి లోతు... పసుపు.

తొడ లోతు... పసుపు.

"ఏం చేస్తున్నావయ్యా? పిచ్చి గానీ పట్టిందా?" ఆమె లేచి వచ్చింది.

నడుము లోతున పార మెత్తగా దిగింది. నలుపు.

ఆమె గోతిలోకి జారింది. రెండు చేతులా తీసుకుంది. పిసికింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అమ్మ చేను... ఇది మా అమ్మ చేనే!"

నవ్వింది. చెంపకి మట్టి అంటుకున్నా తుడుచుకోకుండా నవ్వింది. ఎన్నేళ్లయిందో ఆ నవ్వు చూసి. అతనికీ నవ్వు రాబోయింది.

అంతలో ఆమె గోతి అంచు మీంచి చుట్టూ చూసింది. అంత పెద్ద చెక్కలో ఒకటే గొయ్యి. అటు వెతికిన గుర్తు లేదు, ఇటు వెతికిన గుర్తు లేదు.

నవ్వు ఆగింది.

"కొట్టుకుపోయిందన్నావు," అంది.

అతను పార కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అతని ముఖం చూడలేదు, చేతులు చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"చెప్పు," అంది.

వాన మళ్లీ మొదలైంది. గోతిలో, నల్లమట్టి మీద, ఇద్దరి మధ్యా పడింది.

మట్టి వాసన వచ్చింది...