వేలానికి పెట్టిన జవాబు కార్డు

“రెండేళ్లండి మేస్టారూ. లెక్కపెట్టి రెండేళ్లు. ఆ మర్నాడే మీ అమ్మాయిని పాస్‌పోర్టుతో సహా మీ గుమ్మంలో దింపే పూచీ నాది.”

రావులపాలెంలో అరటి మార్కెట్టు ఎదురుగా, మేడమీద గదిలో కూర్చుని ఏజెంటు సుబ్రహ్మణ్యేశ్వరరావు ఈ మాట అన్నది 2022 జనవరిలో. వంటపనికి మస్కట్ వెళ్లిన కుమారికి రెండేళ్లు నిండాయి, మూడేళ్లు నిండాయి, నాలుగో ఏడు సగమైంది. ఒప్పందం అయిపోయిందని అక్కడి ఇంటివాళ్లకు ఏజెంటు ఒక ఉత్తరం రాయాలి. అది అందితే వాళ్లు పాస్‌పోర్టు ఇచ్చేస్తారు. ఆ ఒక్క ఉత్తరం ఆయన రాయడు. మనిషి అక్కడున్నన్నాళ్లూ ఆయనకు ఏటా ముట్టేది ముడుతుంది మరి. మాట తప్పినవాడికి మేడ, మాట నమ్మినవాడికి ఎదురుచూపు. ఈ న్యాయాన్ని ఎవరు రాశారో గానీ, కొట్టేయాల్సింది మాత్రం మనమే.

ముక్తేశ్వరంలో కుమారి కూతురు శారోన్ రోజు ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. ఎనిమిదింటికి కొబ్బరాకుల సందుల్లోంచి ఎండ అరుగు మీద పడగానే తెల్ల తువ్వాలు పరిచి, దాని మీద పాత పోస్టుకార్డు ఒకటి పెట్టి, పక్కన స్టీలు స్కేలు పెట్టి, ఫోనుతో ముందొక ఫొటో, వెనకొక ఫొటో తీస్తుంది. ఆన్‌లైన్ వేలంలో అమ్మే వస్తువు ఏది, ఏ కాలం నాటిది, మూలలు నలిగాయా, ముద్ర చదవడానికి వస్తోందా అన్నీ రాసి పెట్టాలి. ఆనకట్ట బొమ్మ ఉన్న కార్డులు, లాంచీ టిక్కెట్లు, అగ్గిపెట్టె లేబుళ్లు, పాత సినిమా కరపత్రాలు: మనం పొయ్యిలో వేసుకునేవి ఎక్కడో ఎవరో అద్దాల బీరువాలో పెట్టుకుంటారు. వాటిని ఆ బీరువా దాకా చేర్చడమే శారోన్ బతుకుతెరువు. బీకాం చదివింది. ఉద్యోగం ఇస్తామన్నవాళ్లు ఇంకా ఇస్తూనే ఉన్నారు.

సరుకంతా అమలాపురంలో దానం పాత పేపర్ల కొట్టు నుంచి వస్తుంది. ఆ రోజు దానమే గోనెసంచీ మోపెడ్ మీద వేసుకుని వచ్చేడు.

“శారోనమ్మా, కొత్తపేటలో ఓ ప్లీడరు గారింట్లో అటక దులిపేరండి. చూడు, ఏమైనా పనికొస్తాయేమో.”

“పనికి రాపోతే?”

“తిరిగిచ్చెయ్. పకోడీల బండికి పనికొస్తాయి.”

సంచీ కుమ్మరించింది. దావా కాగితాల మధ్య నుంచి రెండు మడత కార్డులు జారిపడ్డాయి. పట్టుకోగానే చెయ్యి వెనక్కి తీసింది. పొయ్యిమీంచి అప్పుడే దించిన అట్లపెనం అంచులా వెచ్చగా ఉన్నాయి.

“తాతయ్యా! జవాబు కార్డులు! జంటలు విడిపోలేదు!”

తాతయ్య, అంటే కుమారి తండ్రి నతానియేలు మేస్టారు కళ్లజోడు వెతుక్కుంటూ వచ్చేరు. ముప్ఫై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఊళ్లో ఎవరికి అర్జీ రాయాలన్నా ఆయన దగ్గరకే వస్తారు.

జవాబు కార్డంటే తెలియని పిల్లలు ఇప్పుడు ఉంటారు కాబట్టి చెప్పాలి. రెండు కార్డులు అంచుకి అంచు కలిసి మడతగా ఉంటాయి. ఒక సగంలో మనం అడగాల్సింది అడుగుతాం. అవతలివాళ్లు రెండో సగం చింపుకుని, అందులో జవాబు రాసి పంపుతారు. ఆ జవాబు రాసేదాకా కార్డు వాళ్లని వదలదు. బీరువాలో పెట్టి తాళం వేసినా కంచం పక్కకు వచ్చి కూర్చుంటుంది. అబద్ధం రాస్తే సిరా నిలవదు. జవాబు కార్డు సంగతి అంతే, కొబ్బరికాయకు మూడు కళ్లున్నట్టు.

“మా బావమరిది రాసేడండి మేస్టారూ ఒకసారి,” అన్నాడు దానం. “నా గొడుగు నువ్వేనా పట్టుకెళ్లింది అని. పదకొండు రోజులు నన్నొదల్లేదండి ఆ కార్డు. చొక్కా జేబులో అదే, చద్దన్నం గిన్నె కింద అదే, చర్చిలో పాటల పుస్తకం తీస్తే అదే. నేను కాదు బాబోయ్ అని రాస్తే తామరాకు మీద నీళ్లలా సిరా జారిపోయింది.”

“గొడుగు నువ్వే పట్టుకెళ్లేవా?”

“ఆయ్.”

శారోన్ రెండు జంటల్నీ ఎండలో పెట్టి చూసింది. మూల నలగలేదు, మడత చిట్లలేదు. ఇలాంటివాటికి పోటీ ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

“ఒకటి అమ్మ కోసం తాతయ్యా. ఏజెంటుకి రాద్దాం. రెండోది వేలానికి పెడతాను. అమ్మ టిక్కెట్టుకి అదే ఆధారం. ఆయన ఇస్తానన్న టిక్కెట్టు మనం చూడబోం.”

రాసే పని మేస్టారు తీసుకున్నారు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేరు: “గౌరవనీయులు శ్రీ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారికి వందనములు. తమరు, తమ కుటుంబము క్షేమమని తలుస్తాము. మా అమ్మాయి కుమారి విషయమై తమరు వీలు చూసుకుని మస్కట్‌కు రెండు ముక్కలు రాస్తారని ఆశిస్తున్నాము. రాస్తారు కదండీ? తొందరేమీ లేదు.” కార్డు మీదున్న పదిహేను పైసల స్టాంపు బొమ్మ ఇప్పుడు చాలదు కాబట్టి, రెండు సగాల మీదా కొత్త బిళ్లలు అంటించి డబ్బాలో వేసేరు.

అయిదో రోజుకే జవాబు సగం తిరిగి వచ్చింది. సిరా నల్లగా, గట్టిగా నిలబడి ఉంది.

“అలాగేనండి మేస్టారూ. వీలు చూసుకుని రాస్తాను. తొందర లేదన్నారు కదా. మీ ఆరోగ్యం జాగ్రత్త.”

ఒక్క అక్షరం అబద్ధం లేదు. శారోన్ ఆ ముక్క రెండుసార్లు చదివి, అరుగు మీద కూలబడి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్లలో సగం నవ్వువి కావు.

“తాతయ్యా! తాళం నువ్వే వేసి, చెవి ఆయన చేతిలో పెట్టేవు.”

“మర్యాదగా అడిగేనమ్మా.”

“మర్యాదగా అడిగేవు, మర్యాదగా ఎగ్గొట్టేడు. ఇద్దరూ పెద్దమనుషులే. మా అమ్మ ఒక్కతే అక్కడ గిన్నెలు తోముతోంది.”

గోదావరి జిల్లాల మర్యాదకు దేశమంతా పేరుంది. కానీ హక్కుని కూడా దణ్ణం పెట్టి అడిగే చోట, దణ్ణం అందుకునేవాడు ఎప్పటికీ దొరలాగే ఉంటాడు. హక్కు అడుక్కునేది కాదు, అడిగేది. ఈ రెంటికీ తేడా తెలియకే మనం ఇన్నాళ్లు వంగి నిలబడ్డాం.

రెండో జంట అప్పటికే వేలంలో ఉంది. శారోన్ దాని కింద ఇలా రాసింది: “వాడని జవాబు కార్డు. జంట విడిపోలేదు. వెచ్చగా ఉంటుంది. పోస్టు చేస్తే జవాబు వచ్చేదాకా అవతలివారిని వదలదు.” నాగపూర్ నుంచి దేశ్‌పాండే అనే ఆయన, లిస్బన్ నుంచి ఒకావిడ పోటీపడి పాట పెంచుతున్నారు. మడత దగ్గర ఫొటో ఇంకొకటి పెట్టమని తప్ప వాళ్లు ఏమీ అడగలేదు. ఆదివారం సాయంత్రం ఆరింటికి గడువు. అది శుక్రవారం.

పాట పాడినవాళ్లు ఉండగా సరుకు వెనక్కి తీసుకుంటే అమ్మేవాళ్ల పేరు పక్కన ఎర్రగుర్తు పడుతుంది. అయిదేళ్లలో శారోన్‌కి ఒక్క ఎర్రగుర్తు లేదు. పైగా ఈ కార్డు పోతే టిక్కెట్టు పోయినట్టే. ఆమె వేలు ఫోను మీద ఒక నిమిషం ఆగింది.

“పాస్‌పోర్టు లేకుండా టిక్కెట్టు కొని గోడకి తగిలించుకుంటామా?” అనుకుని, వేలం రద్దు చేసింది.

ఈసారి పెన్ను శారోన్ చేతిలో ఉంది. మేస్టారు పక్కన నిలబడ్డారు.

“పేరు పక్కన గారు పెట్టమ్మా. ఎలాంటివాడైనా మనిషే కదా.”

“గారు పెడతాను. వీలు మాత్రం ఇవ్వను.”

“సుబ్రహ్మణ్యేశ్వరరావు గారికి, మా అమ్మ కుమారి ఒప్పందం అయిపోయిందని మస్కట్ ఇంటివాళ్లకు ఉత్తరం ఏ తేదీన పంపారు? శారోన్.”

తర్వాత ఏం జరిగిందో రావులపాలెం మార్కెట్టులో అరటిగెలలు ఎగుమతి చేసే ఎర్రయ్య కళ్లారా చూశాడు. ఏజెంటు మేడ కిందే ఆయన లారీ ఆగుతుంది. మంగళవారం ఉదయం ఏజెంటు టిఫిను డబ్బా తెరిస్తే రెండు ఇడ్లీల మధ్య కార్డు ఉంది. తీసి కిటికీలోంచి పారేశాడు. అది కింద గెలల మీద పడింది. ఎర్రయ్య దులిపి పైకి పంపాడు. సాయంత్రం హెల్మెట్టులో ఉంది. బుధవారం క్షౌరం చేయించుకుంటూ అద్దంలో చూసుకుంటే గడ్డం కింద గుడ్డకి అంటుకుని ఉంది.

“జవాబు రాసెయ్యండి బాబూ, పోద్ది,” అన్నాడు ఎర్రయ్య.

“రాస్తున్నానయ్యా! నిలబడితే కదా!”

నిజంగానే రాస్తున్నాడు. “వచ్చే నెల పంపుతాను” అని రాస్తే జారిపోయింది. “రేపు” అని రాస్తే అసలు పెన్నే కదల్లేదు. “కిందటి సంవత్సరమే పంపాను” అని రాసినప్పుడు సిరా జారి కొత్త ప్యాంటు మీద పడింది. శుక్రవారం నాటికి ఆయన టీ గ్లాసులో కూడా కార్డు వెచ్చగా తేలుతుంటే, మార్కెట్టులో హమాలీలు కిందనుంచి కేకలు వేశారు.

“ఏవండోయ్, ఏ తేదీనండీ?”

“తేదీ చెప్పండి బాబూ, మేమూ రాసుకుంటాం!”

ఆయన కుర్చీ లాక్కుని మస్కట్‌కు ఉత్తరం రాశాడు. సంతకం పెట్టి, ముద్ర వేసి, తానే నడిచి వెళ్లి కొరియర్‌లో ఇచ్చి, రసీదు జేబులో పెట్టుకుని వచ్చి కార్డు తీసుకున్నాడు. “ఈ రోజే పంపాను” అని రాశాడు. సిరా నిలిచింది. కార్డు చల్లబడింది.

పదిహేను రోజులకు మస్కట్ నుంచి కుమారి ఫోను చేసింది. పాస్‌పోర్టు తీసి కెమెరా ముందు పెట్టి అటూ ఇటూ తిప్పి చూపించింది, శారోన్ కార్డులు చూపించినట్టే.

ఇక టిక్కెట్టు మిగిలింది. ఎర్రగుర్తు పడిన శారోన్‌కి నాగపూర్ దేశ్‌పాండే నుంచి అప్పటికి నాలుగు సందేశాలు వచ్చాయి. మొదటి మూడూ తిట్లే. నాలుగో దాంట్లో “ఎందుకు రద్దు చేశారో కనీసం చెప్పండి” అని ఉంది. ఆమె దాచుకోకుండా చెప్పి, తిరిగి వచ్చిన జవాబు సగం ఫొటో పంపింది.

ఆయన వెంటనే ఫోను చేశాడు. హిందీలో ఆయన అరుపు అరుగు మీదున్న మేస్టారుకీ వినిపించింది.

“అమ్మా, వాడని జంటలు నా దగ్గరే ఆరున్నాయి! ప్రశ్న ఉన్న సగం, జవాబు ఉన్న సగం, రెండూ వెళ్లి మళ్లీ ఒకచోట కలిసినవి ఎవరి దగ్గరా లేవు. జనం ఒకటి దాచుకుంటారు, ఒకటి పారేస్తారు. ఆ ప్రశ్న సగం కూడా సంపాదించగలవా?”

సంపాదించింది. ఏజెంటు గుమాస్తా చెత్తబుట్టలోంచి తీసి ఎర్రయ్యకిచ్చాడు, ఎర్రయ్య అరటిపళ్లతో కలిపి పంపాడు. రెండు సగాలూ తువ్వాలు మీద పక్కపక్కన పెట్టి శారోన్ వేలానికి పెట్టింది. లిస్బన్ ఆవిడ చివరి నిమిషం దాకా వదల్లేదు. దేశ్‌పాండే గెలిచాడు. ఆ డబ్బుతో మస్కట్ నుంచి హైదరాబాదుకు టిక్కెట్టు వచ్చింది, కిటికీ పక్క సీటుతో సహా.

అక్టోబరు మొదటివారంలో ఒక ఉదయం కుమారి రావులపాలెంలో బస్సు దిగింది. తండ్రి, కూతురు, దానం, ఎర్రయ్య, సగం మార్కెట్టు అక్కడే ఉన్నారు. మేడమీద ఏజెంటు తొంగి చూసి గభాలున లోపలికి వెళ్లబోయాడు.

“బాగున్నారాండీ!” అని కుమారి కిందనుంచి గట్టిగా పలకరించింది.

జవాబు రాలేదు. హమాలీలు ఈలలు వేశారు.

“ఈవిడ నోటితో అడిగింది కాబట్టి బతికిపోయేడండి,” అన్నాడు దానం.

ఇంట్లో ఆ పూట వంకాయ రొయ్యలు. “నేను గరిటె ముట్టను,” అని కుమారి కాళ్లు చాపుకుని కూర్చుంది. శారోన్ వండింది, ఉప్పు ఎక్కువేసింది. కుమారి మూడుసార్లు వడ్డించుకుంది. తిన్నాక చెయ్యి కడుక్కుని ఒక కాగితం అడిగింది. మస్కట్‌లో సెలవు రోజైన శుక్రవారం చర్చిలో ప్రార్థనకి కలిసేవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పింది. ఉప్పలగుప్తం సీతారత్నం. రాజోలు బుజ్జమ్మ. అంబాజీపేట నాగదుర్గ. ఇంకో ముగ్గురు. ఆరుగురినీ పంపింది ఆ మేడమీద మనిషే. ఆరుగురి గడువూ దాటిపోయింది.

“నేనొక్కదాన్నీ వచ్చేస్తే అది రావడం కాదు నాన్నా,” అంది. “తప్పించుకోవడం.”

శారోన్ లేచి వెళ్లి, నిన్ననే నాగపూర్ నుంచి వచ్చిన పార్శిలు తెచ్చి తండ్రీకూతుళ్ల మధ్య పెట్టి విప్పింది. లోపల ఆరు జంటలు, ఒక్కటీ విడిపోనివి. పైన దేశ్‌పాండే రాసిన చీటీ: “ఆల్బంలో వీటికి ఊపిరాడటం లేదు. వాడండి. తిరిగొచ్చాక నాకే అమ్మాలి.” వాటి కింద చాప వెచ్చబడింది.

శారోన్ పెన్ను మూత తీసింది. నతానియేలు మేస్టారు చెయ్యి చాచేరు.

“ఇలా ఇయ్యమ్మా. ముందు తప్పు రాసినవాణ్ణి నేనే.”

స్నానానికి వెళ్లలేదు, చొక్కా మార్చలేదు. క్షేమం అడగలేదు. ఆశిస్తున్నామనలేదు. ముత్యాల్లాంటి అక్షరాలే, కానీ ఈసారి ఒక్కటీ వంగి లేదు.

“సుబ్రహ్మణ్యేశ్వరరావు గారికి నతానియేలు రాసేది. ఉప్పలగుప్తం సీతారత్నం ఒప్పందం అయిపోయి పద్నాలుగు నెలలు. అయిపోయిందని ఆ ఇంటివాళ్లకు ఏ తేదీన రాశారు? ఇంకా అయిదుగురి పేర్లతో అయిదు కార్డులు వెనకే వస్తున్నాయి. ఆరింటికీ జవాబు కావాలి. గడువు: 2025 నవంబరు 30.”