ఒక్క రోజూ మానని మనిషి

“మా బన మపాలోని చూడండి. పదకొండేళ్ళలో ఒక్క మదర్స్ డే తీసుకోలేదు.”

ఈ మాట మా ఆయన చర్చి ముంగిట్లో అంటాడు, పెళ్ళిళ్ళలో అంటాడు, ఫ్యాక్టరీలో అయితే వారానికోసారైనా అంటాడు. మపాలో మా అమ్మాయి. దాని పేరు మీదే నేను బన మపాలోని, అంటే మపాలో అమ్మని, ఆయన బాషి మపాలో. ఇవాళ పొద్దున కూడా నేను పొయ్యి మీద మొక్కజొన్న సంకటి, మా న్షిమా, కలుపుతుంటే వెనక నిలబడి అదే అన్నాడు. “మీటింగులో నీ సంగతి చెప్తాను. కాస్త నవ్వుమొహంతో కూర్చో.” అప్పటికి పొత్తికడుపు మెలిపెడుతోంది. తెడ్డు వదిలేసి గట్టు పట్టుకున్నాను. చొక్కా ఇస్త్రీ అయిందా అని అడిగాడు. అయిందన్నాను.

నెలకొక రోజు ఆడవాళ్ళు పనికి రాకపోయినా ఎందుకు రాలేదని యజమాని అడగకూడదని మా జాంబియా చట్టం. డాక్టరు చీటీ అక్కర్లేదు. నెలసరి నొప్పుల కోసం పుట్టిన సెలవు. పెళ్ళికాని పిల్లలు తీసుకున్నా దాన్ని మదర్స్ డే అనే అంటాం. నేను ఎండోలాలో ఒక వంటనూనె ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు చూస్తాను. ఎవరు ఏ రోజు రాలేదో రాసేది నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్కసారి నేనూ ఇంట్లో ఉండిపోదామనుకున్నాను. “ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావు కదా” అని ఆయన మొదలుపెట్టాడు. అత్తగారి దుప్పట్లు ఉతికాను. మరిది స్నేహితులకి కపెంట చేపలు వేయించాను. సాయంత్రం అత్తగారు నా మొహం చూసి, “రోజంతా విశ్రాంతే కదా తల్లీ, ఇంకా ఈ నీరసమేంటి?” అంది. మదర్స్ డే లెక్కలోకి రాకుండా దాన్ని మామూలు సెలవుగా రాసుకున్నాను. మర్నెల నొప్పితోనే ఆఫీసుకి వెళ్ళాను. అదిగో, అప్పుడు పుట్టింది నా ఘనత.

ఈ ఏడు మా డైరెక్టరు సిల్వాంబాగారికి ఉత్పత్తి పెంచాలన్న పట్టుదల వచ్చింది. ప్రతి మనిషికీ పనితీరు మార్కులు వేయమన్నారు. అరవై దాటితే కాంట్రాక్టు మళ్ళీ రాస్తారు, దాటకపోతే ఇంటికే. ఉత్పత్తి విభాగం మా ఆయనది. మదర్స్ డే తీసుకున్న ప్రతి నెలకీ ఒక మార్కు తగ్గించాలన్న ఆలోచన ఆయనదే. పట్టిక తయారుచేయడం నా పని. అందరికంటే వేగంగా సీసాలకి మూతలు బిగించే కసూబాకి యాభై ఎనిమిది వచ్చింది. ఆమె వేతనం మీద నలుగురు బతుకుతున్నారు. నిన్న నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

“చట్టం ఇచ్చిన రోజులే కదా మేడమ్ నేను తీసుకుంది?”

“ఓర్చుకోవాలి కసూబా. మేమంతా ఓర్చుకోవడం లేదూ?”

“మీకు నిజంగా నొప్పే రాదా మేడమ్? లేక మేమే సోమరులమా?” ఆ గొంతులో వెటకారమేమీ లేదు. తెలుసుకోవాలని అడిగింది. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళుగా నా మీద మోపిన బరువుని పతకంలా తగిలించుకు తిరిగాను. ఇప్పుడు దాంతోనే ఈ పిల్లని కొడుతున్నారు, కొట్టమని పట్టిక గీసిచ్చింది నేను.

మీటింగులో మా ఆయన లేచి, పొద్దున అన్నట్టే నా సంగతి ఎత్తాడు. “చట్టం సెలవిచ్చింది సార్, మార్కులివ్వమనలేదు. కుదరదనేవాళ్ళకి మా ఆవిడే రుజువు. ఇంటిపనీ చేస్తుంది, ఆఫీసుకీ వస్తుంది.” అందరూ నా వైపు తిరిగారు. సిల్వాంబాగారు పట్టిక నా ముందుకి జరిపి, సంతకం పెట్టమ్మా అన్నారు.

“ఇందులో ఒక తప్పుంది సార్,” అన్నాను. “నా పేరు దగ్గర సున్నా అని ఉంది. నేను ప్రతి నెలా తీసుకున్నాను. ఫైళ్ళ గదిలో, లోపల గడియ పెట్టుకుని, పాత రిజిస్టర్ల మీద చిటెంగె గుడ్డ పరుచుకుని పది నుంచి ఒంటిగంట దాకా పడుకునేదాన్ని. ఫైళ్ళు సర్దుతున్నానని చెప్పేదాన్ని. పదకొండేళ్ళు, మీ జీతం మీద.”

ఎవరో కుర్చీ జరిపారు. మా ఆయన మొహం చూడలేదు నేను, చూస్తే ఆగిపోతానని భయం.

“అలాగైతే నీ మార్కులు కసూబా కంటే కిందికి పోతాయి,” అన్నారు డైరెక్టరు నెమ్మదిగా.

“పోతాయి సార్. తీసేసేవాళ్ళ వరసలో ముందు నా పేరు రాసి సంతకం పెడతాను. తర్వాతే ఆమె పేరు.” రాశాను. సంతకం పెట్టి కాగితం సిల్వాంబాగారి ముందుకి జరిపాను.

డైరెక్టరుగారు మదర్స్ డే గడి మీద అడ్డంగా గీత కొట్టి, ఈ ఏడాదికి ఇది లేకుండా మళ్ళీ లెక్కేయండి అన్నారు. కసూబా ఉద్యోగం నిలబడింది. నాకు మాత్రం హెచ్చరిక ఉత్తరం ఇవ్వాలన్నారు. అలాంటి ఉత్తరాలు టైపు చేసేది మా ఆఫీసులో నేనే కాబట్టి అది కూడా నేనే టైపు చేసి సంతకానికి పంపాను. ఒక్క తప్పు కూడా దొర్లలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు పెట్రోలు బంకు దాటగానే మా ఆయన కారు పక్కకి ఆపేశాడు.

“నలుగురిలో నా పరువు తీశావు. నేనేదో నిన్ను హింస పెడుతున్నట్టు. దొంగలా ఆ దుమ్ముగదిలో పడుకోవడమేంటి? మనింట్లో మంచం లేదా?”

ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. అది చూసి కోపం కూడా రాలేదు నాకు, అలసటగా అనిపించింది.

“మంచం ఉంది,” అన్నాను. “గడియ లేదు.”