సూరీడమ్మ ముప్పై గంటలు

యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లోనే ఉన్నాను, కానీ బల్లల మీద కీబోర్డులు లేవు, జీడిగింజలు గుట్టలుగా పోసి ఉన్నాయి, గోడలు ఎప్పుడు కరిగాయో గాని అటు చివర పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ రేకుల షెడ్డు కనిపిస్తోంది, అందులో సూరీడమ్మ హెడ్‌ఫోన్ పెట్టుకుని, జీడిసొనకు నల్లబడ్డ వేళ్లతో గింజలు కొడుతోంది. ఆమె పోయి ఏడాదయిందని తెలుసు. అయినా నాకు ఆశ్చర్యంగా లేదు.

బడిపిల్లలు పైకి చదువుతుంటే విని తప్పులు చూపించే యాప్ తయారుచేస్తున్నాను. తెలుగు లెక్చరర్నయిన నేను యంత్రానికి మన మాట నేర్పాలని ఊరూరా తిరిగి గొంతులు రికార్డు చేశాను. అందరికంటే ఎక్కువగా, ముప్పై గంటలు మాట్లాడింది ఈమే.

"నా మాటలేటయినాయి నీలవేణమ్మా?"

"కమిటీవాళ్లు తీసేయమంటున్నారు పిన్నీ. నీ యాసతో యంత్రం తికమకపడుతోందట. రేపు పొద్దున్న అందుకు నేను సంతకం పెట్టాలి."

గింజలు కొట్టే చెక్క ఆమె చేతిలో ఆగుతుంది.

"నా మనవరాలు 'ఎల్తన్నాను' అని సదివితే తప్పంటాదా అది?"

"అంటుంది. ఎర్రగీత పెడుతుంది."

"దానికి సెవులు ఎవులెట్టినారు?"

"నేనే."

"మరది సెవిటిదయితే నన్నెందుకు తీసేత్తారు? దాన్ని బాగుసెయ్యండి!"

సంతకం పెట్టకపోతే ప్రాజెక్టు నా చేతిలోంచి పోతుందని చెప్పబోతాను. ఆమె నా ముఖంలోకి చూస్తుంది.

"నువ్వూ మందస పిల్లవే. నీ నోట మన మాట ఒక్కటీ ఇన్లేదు."

ఎమ్మే మొదటిరోజు నేను నోరు విప్పగానే క్లాసంతా నవ్విందని, ఆ వారంలోనే మాట మార్చుకున్నానని చెప్పాలనుకుంటాను, కానీ షెడ్డు నిండా పిల్లలు చదువుతున్న చప్పుడు, ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరి మాట, అది పెరిగి పెరిగి రేకులు అదురుతుంటే ఆమె నడుం నిటారుగా పెట్టి వింటోంది.

ఫోన్ మోతకు మెలకువ వచ్చింది. కమిటీ అధ్యక్షుడు.

"సంతకం పెట్టారా మేడమ్?"

"లేదు సార్. ఆ రికార్డులు ఉంటాయి. యంత్రానికే మళ్లీ నేర్పుతాను."

"తీసేయాలన్నది కమిటీ నిర్ణయమండీ. మిమ్మల్ని ప్రాజెక్టు నుంచి తప్పించాల్సి వస్తుంది."

"తప్పించండి. సంతకం మాత్రం నానెట్టను."

"ఏమన్నారు?"

సరిదిద్దుకోలేదు. అదే మాట ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా చెప్పాను.