కుర్చీ చేతి మీద పల్లం

అగ్నెతె ఎనభయ్యో పుట్టినరోజుకి కేకు పట్టుకుని వెళ్ళాను. పుట్టినరోజులకి మేం పెట్టుకునే చిన్న జెండా బల్ల మీద నిలబెట్టి ఉంది. వంటగదంతా కాఫీ వాసన. కిటికీ పక్కన నా కూతురి కుర్చీ ఉంది.

నా కూతురు సోల్వై చేసిన కుర్చీ అక్కడ ఉండే వీలు లేదు. ముందు రోజే ఓడెన్సె పట్నంలో, సోల్వై వర్క్‌షాపులో దాన్ని చూసి వచ్చాను. సబ్బునీళ్ళతో తుడిచిన తడి ఇంకా ఆరలేదు. ఇదేమో పాతబడి బూడిదరంగుకి తిరిగిన ఓక్ కుర్చీ. కానీ అవే పొట్టి కాళ్ళు, అదే వాలు, కుడి చేతి చివర అదే పల్లం.

"ఏం బిర్గిత్, అలా నిలబడిపోయావ్? కూర్చో. ఆ కుర్చీ కరవదులే," అంది అగ్నెతె.

"ఇదెక్కడిది?"

"మా ఐనర్ చేశాడు, పెళ్ళికి ముందు. ఇన్నాళ్ళూ పిల్లల గదిలో ఉండేది. ఇప్పుడు పిల్లలూ రారు, ఐనరూ లేడు. ఇక్కడికి లాక్కొచ్చా. నా మోకాళ్ళకి ఇదే సుఖం."

సోల్వై పసిపిల్లగా ఉన్నప్పుడు పగలంతా ఈ ఇంట్లోనే ఉండేది. ఊళ్ళో సగం మంది పిల్లల్ని అగ్నెతే చూసుకునేది. నేను పొద్దున్నే గుమ్మంలో బిడ్డని అందించి బస్సు కోసం పరుగెత్తేదాన్ని. ఆ గది గోడల రంగు కూడా నాకు గుర్తులేదు.

కేకు పళ్ళెం పక్కన పెట్టి, ఫోన్‌తో ఆ కుర్చీకి ఫొటో తీశాను.

సోమవారం సోల్వై పరీక్ష. ఏళ్ళ తరబడి వడ్రంగం నేర్చుకున్నవాళ్ళు చివర్లో తాము గీసిన వస్తువు తామే చేసి, పెద్ద మేస్త్రీల ముందు పెట్టాలి. గీత, అంటే నమూనా, ఇంకొకరిదైతే వాళ్ళ పేరు చెప్పాలి. చెప్పకుండా పెట్టి దొరికిపోతే పరీక్ష ఒక్కటే కాదు, పనే పోతుంది. కుర్చీలు చేసేవాళ్ళు మా దేశంలో అందరూ అందరికీ తెలుసు. 'కాపీ' అనే మాటని వాళ్ళు బూతు మాటలా గొంతు తగ్గించి అంటారు. పైగా వడ్రంగం స్కూల్లో ఆ పల్లాన్ని చూసే మెచ్చుకున్నారట. "బొటనవేలు వెతుక్కోకుండా వెళ్ళి కూర్చునే చోటమ్మా అది. ఎవరూ చెయ్యలేదు," అని సోల్వై ఎంత మురిసిపోయిందో.

కారు నడుపుతూ అదే ఆలోచించాను. చెప్పకపోతే ఏమవుతుంది? అగ్నెతె వంటగదిలోకి ఏ మేస్త్రీ వస్తాడు? కానీ ఆమె చేతుల మీదుగా పెరిగిన పిల్లలు ఈ జిల్లా అంతా ఉన్నారు. పరీక్ష అయ్యాక కుర్చీలన్నీ వారం పాటు ప్రదర్శనకి పెడతారు. ఎవరో ఒకరు దాని ముందు ఆగిపోయి, "ఇది అగ్నెతె ఇంటిది కదూ?" అంటే చాలు.

వర్క్‌షాపుకే వెళ్ళాను. ఆ ఫొటో సోల్వైకి చూపించాను.

సోల్వై చాలాసేపు చూసింది. "నా కుర్చీకి ఇలా పాత రంగులో ఫొటో ఎవరు తీశారు?" అంది నవ్వబోతూ. నా మొహం చూసి ఆగిపోయింది.

"అగ్నెతె ఇంట్లో ఉంది. ఐనర్ చేశాడట, నువ్వు పుట్టకముందే."

"నేను దొంగతనం చెయ్యలేదమ్మా."

"నాకు తెలుసు."

"నీకు తెలిస్తే సరిపోతుందా? కళ్ళు మూసుకుని గీశాను దాన్ని. ఎక్కడా చూడకూడదని పుస్తకాలు కూడా మూసేశాను." తన చేతుల్ని తిప్పి చూసుకుంది. ఎవరివో చేతులు చూస్తున్నట్టు. "మరి ఇందులో నాది ఏముంది?"

పరీక్ష కంటే ఆ ప్రశ్నకే నేను ఎక్కువ భయపడ్డాను.

మర్నాడు ఇద్దరం అగ్నెతె దగ్గరికి వెళ్ళాం. సోల్వై కోటు కూడా విప్పకుండా కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కాళ్ళు తడిమింది, వీపు తడిమింది. పల్లం దగ్గర చెయ్యి ఆగింది.

"ఇది కూడా," అంది మెల్లగా. "ఇది కూడా ఆయనే చేశాడు."

"ఏది? ఆ గుంటా?" అగ్నెతె పకపకా నవ్వింది. "అది ఐనర్ చెయ్యడమేంటే, అది మీ పనే. పళ్ళొచ్చే ప్రతి పిల్లా ఆ చెయ్యి పట్టుకుని నిలబడి కొరికేది. ఐనర్ తిట్టుకుంటూ వేసవిలో ఉప్పుకాగితంతో పంటి గాట్లు నున్నగా రుద్దేవాడు, మళ్ళీ మీరు కొరికేవాళ్ళు. అందరిలోకీ నువ్వే పెద్ద ఎలకవి. నీకోసం రొట్టె పెంకు పెడితే అది వదిలేసి చెక్క తినేదానివి."

సోల్వై నవ్వలేదు. వంగి, నోరు ఆ పల్లానికి దగ్గరగా పెట్టి చూసింది.

సోమవారం నేను తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. వీగో అనే పెద్ద మేస్త్రీ కుర్చీని తలకిందులు చేసి అతుకులన్నీ చూశాడు. అతను నోరు తెరవకముందే సోల్వై చెప్పేసింది.

"ఈ గీత నాది కాదు. ఐనర్ అనే ఆయనది. నాదేననుకున్నాను. పోయిన శుక్రవారం దాకా నాకు తెలీదు."

వీగో బొటనవేలు పల్లంలోకి వెళ్ళింది. "ఇదీ ఆయనదేనా?"

"కాదు. అది మేం పిల్లలం కొరికింది."

అతను ఆ వేలు అక్కడి నుంచి తియ్యకుండా తోటి మేస్త్రీల వైపు చూశాడు. వాళ్ళు పక్కకి వెళ్ళి మాట్లాడుకుంటున్నంతసేపూ నేను నా కోటు బొత్తాం తిప్పుతూనే ఉన్నాను. అది ఊడి చేతిలోకి వచ్చేసింది.

"పనికి మార్కులు ఇస్తాం. అతుకులు బాగున్నాయి, పాసయ్యావ్," అన్నాడు వీగో తిరిగొచ్చి. "గీతకి సున్నా. ప్రదర్శనలో ఐనర్ పేరు పెడతాం. నీ గీత ఏంటో మాకింకా తెలీదమ్మాయ్. గీసి చూపించు."

పరీక్ష గట్టెక్కింది. కానీ ఇంటికొచ్చి సోల్వై భోజనాల బల్ల మీద తెల్లకాగితం పరిచి, పెన్సిల్ ముట్టుకోకుండా కూర్చుంది. కాఫీ చల్లారింది.

"ఏది గియ్యబోయినా ఎక్కడో చూసినట్టే ఉందమ్మా. చెయ్యి పెట్టాలంటే భయమేస్తోంది."

"గియ్యి. నేను చూసి చెబుతా."

"నీకేం తెలుసు కుర్చీల గురించి?"

"ఏమీ తెలీదు. కానీ నువ్వు పెరిగిన ఇళ్ళు తెలుసు."

పెన్సిల్ తీసుకుంది. నేను వెనక నిలబడ్డాను. గీత మెల్లగా వంగుతూ సాగుతుంటే మా ఇల్లు, మా అమ్మ ఇల్లు, సముద్రం పక్కన వేసవిలో అద్దెకు తీసుకునే గుడిసె, అన్నీ మనసులోనే గదిగదీ వెతుకుతున్నాను. ఇలాంటి కుర్చీ దొరక్కూడదని వెతుకుతున్నాను. ఇంకా ఎక్కడా దొరకలేదు. తన చెయ్యి ఇంకా ఆగలేదు.