బూడిదయ్య ఎడమచెయ్యి

బూడిదయ్య వయసులో ఉన్నప్పటి కథతో తీసిన కొత్త సిరీస్ మొదటి భాగం పొద్దున పదింటికి విడుదలయింది. పన్నెండు కొట్టేసరికి అభిమానులు దాన్ని ఉతికి ఆరేశారు. నిడివి యాభై నిమిషాలు. చూడ్డానికి యాభై, తిట్టడానికి డెబ్బై తీసుకున్నారన్నమాట. తిట్టడానికి కాస్త ఎక్కువ సమయమే కావాలి మరి, అక్షరాలు వెతుక్కోవద్దూ!

బొమ్మల వర్క్‌షాపులో కిటికీ పక్కన కూర్చుని కూతురు, బూడిదయ్య బొమ్మ చంకలో ఊడిన బొచ్చు కుడుతోంది. ఫోన్ని దారాల డబ్బాకి ఆనించి, కుడుతూనే కామెంట్లు పైకి చదువుతోంది. తల్లి ఎదురుగా స్టూలు మీద కూర్చుని, భుజానికి వేడినీళ్ళ సంచి ఒత్తుకుంటూ వింటోంది. ఆ తల్లిని స్టూడియోలో అందరూ ఎడమక్క అంటారు. ఎందుకంటారో చెబుతాను గానీ, ముందు తిట్లు వినండి.

"బొచ్చు మరీ శుభ్రంగా ఉందట. వయసులో ఉన్న బూడిదయ్యంటే షాంపూ ప్రకటనలో కుక్కపిల్ల అనుకున్నారా అని అడుగుతున్నాడు ఒకాయన."

"ఆ తిట్టు నీకే. బొచ్చు ఉతికింది నువ్వేగా."

"మా చిన్నతనాన్ని చంపేశారని రెండొందల మంది రాశారు."

"ఒక్కొక్కడికీ నలభై దాటుంటాయి. ఇంకా చావలేదా అది?"

కూతురు నవ్వి, తరవాతి కామెంటు దగ్గర ఆగిపోయింది. మొహం మాడిపోయింది.

"చదవవే. నా చెవులేం అరిగిపోవు."

"తల బాగుంది, నడక ఫరవాలేదు, ఎడమచెయ్యి మాత్రం చెయ్యి కాదు, చీపురుకట్ట అంటున్నాడు. పాత సినిమాలో పెద్దాయన చేతిని చూసి ఈ కొత్త మనిషి సిగ్గుతో చావాలంట. మందులషాపాయన రాశాడు. నాలుగువేల మందికి నచ్చింది." కూతురు సూది బొచ్చులో గుచ్చి వదిలేసింది. "అమ్మా, ఆ చెయ్యీ ఈ చెయ్యీ రెండూ నీవే కదా!"

నిజమే. రెండూ ఆవిడవే.

బూడిదయ్య అంటే మూడున్నర అడుగుల అడవి ముసలి. ముప్ఫై రెండేళ్ళ కిందటి సినిమాలో ఊరూవాడా ఏడిపించిన బొమ్మ. అంత బొమ్మని ఒక్క మనిషి ఆడించలేడు. సెట్టుని ఎత్తులో కట్టి, పలకల కింద మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు నెత్తి మీదికెత్తి, ఎదురుగా చిన్న మానిటర్లో చూసుకుంటూ ఆడించాలి. తల పట్టిన మనిషికి ఒక చెయ్యి తలలోకి పోతుంది, రెండోది బొమ్మకి ఒక చెయ్యవుతుంది. మిగిలిన చేతికి ఇంకో మనిషి కావాలి. అప్పుడు తల పట్టినవాడు, ఇప్పుడు అందరూ పెద్దాయన అనే ఆయన, ఎడమక్కకి స్వయానా మేనమామ. ఆయనది ఎడమచేతివాటం. ఎడమచెయ్యి తలలో పెట్టి, కుడిచేత్తో బొమ్మ కుడిచెయ్యి ఆడించేవాడు. మిగిలిన ఎడమచేతికి పందొమ్మిదేళ్ళ మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ పేరే అతుక్కుపోయింది.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. తెర మీద పేరు తల పట్టినవాడిదే పడుతుంది. చేతివాళ్ళ పేరు పడదు, బయట చెప్పుకోనూకూడదు. చూసేవాళ్ళకి బొమ్మలో ఒకే ప్రాణం ఉన్నట్టు కనపడాలట. ఈ కట్టుబాటు పెట్టింది ఎవరో వేరే చెప్పాలా, తలలు పట్టినవాళ్ళే.

ఆ సినిమా చివర్లో నిద్రపోతున్న పిల్ల జుట్టు నిమరడానికి బూడిదయ్య ఎడమచెయ్యి లేస్తుంది. సగం దూరం వెళ్ళి గాల్లో ఆగి, వణికి, ఒక్కో వేలూ ముడుచుకుని ఒళ్ళోకి తిరిగొస్తుంది. అభిమానులు దాన్ని 'ఆగిన చెయ్యి' అంటారు. దాని మీద పేజీలకి పేజీలు రాశారు. తాకే అర్హత తనకి లేదనుకున్నాడని కొందరు, పూర్వం ఒక బిడ్డని పోగొట్టుకున్నాడని కొందరు. అసలు సంగతేమిటంటే, తొమ్మిదో టేకులో ఎడమక్క భుజం పట్టేసింది. చెయ్యి ముందుకి పోనని మొరాయించింది. ఏం చెయ్యాలో తోచక, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, కనీసం అందంగా దించుదామని ఒక్కో వేలూ ముడుచుకుంటూ దించింది. పైన దర్శకుడు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. మావయ్య భుజాల మీద శాలువా పడింది.

ఇన్నాళ్ళకి, యాభై ఒకటో ఏట, తల ఆవిడ చేతికొచ్చింది. కుడిచెయ్యి తలలో పెట్టి, తన ఎడమచేత్తోనే బూడిదయ్య ఎడమచెయ్యి ఆడించింది. కుడిచేతికి కూతుర్ని కూర్చోబెట్టుకుంది. తెర మీద మొదటిసారి పేరు పడింది. ఆ పేరునే ఇప్పుడు నాలుగువేల మంది నోరారా తిడుతున్నారు.

మధ్యాహ్నం నిర్మాత వచ్చాడు. మర్యాదస్తుడు, గొంతు కోసేటప్పుడు కూడా 'అండీ' అంటాడు.

"మీ పని నాకు నచ్చిందండీ. కానీ చూసేది నేను కాదు కదా. ఆదివారం పొద్దున అభిమానుల సభ పెడుతున్నాం. పెద్దాయన వస్తున్నారు, మందులషాపాయన కూడా. వాళ్ళు మిమ్మల్ని ఒప్పుకుంటే రెండో సీజన్లో కూడా తల పట్టేది మీరే. లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదండీ."

ఆ మందులషాపాయనకి ఊళ్ళో దుకాణం, ఫోన్లో లక్షమంది బలగం ఉన్నాయి. ఆయన బాగుందంటే బాగున్నట్టు, కాదంటే కాదు. పొద్దంతా తలనొప్పి మాత్రలు అమ్మి, తీరిక దొరికితే తలనొప్పి పంచుతుంటాడు.

ఎడమక్క ఆ సాయంత్రమే మావయ్య ఇంటికి వెళ్ళింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, కిటికీ దగ్గర వాలుకుర్చీలో ఉన్నాడు. గోడల నిండా అభిమానులు గీసిచ్చిన బూడిదయ్యలే. బల్ల మీద ఆయన చేతులకి తీసిన ప్లాస్టర్ అచ్చు. అందులో ఎడమదే పెద్దదిగా చేయించి అద్దాలపెట్టెలో పెట్టారు, చూడండి మరి.

"మావయ్యా, ఆదివారం ఒక్క మాట చెప్పు. ఆ చెయ్యి మా మేనకోడలిదని చెప్పు, చాలు. నువ్వు చెబితే నోరెత్తేవాడు ఉండడు."

"కట్టుబాటుందే."

"ముప్ఫై రెండేళ్ళు నోరు మూసుకున్నాను. ఇప్పుడు నా చేతిని చూపించి నన్నే తంతున్నారు. ఇంకా ఎందుకు కట్టుబాటు?"

ఆయన చాలాసేపు అద్దాలపెట్టె వంకే చూశాడు. "నిన్ను పెంచినవాణ్ణి. నీకు అన్యాయం చేస్తానా? చెబుతాలే, వెళ్ళు."

ఆవిడ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? అమ్మ పోయాక అన్నం పెట్టింది ఆయనే, బొమ్మ తొడిగింది ఆయనే. దారి పొడుగునా గుండె తేలికై, బస్సులో కూతురికి ఫోను చేసి మరీ నవ్వింది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. మూడొందల మంది, సగం మంది బూడిదరంగు శాలువాలు కప్పుకొచ్చారు. ముందు కొత్త సిరీస్‌లో రెండు దృశ్యాలు వేశారు. ఎడమచెయ్యి కనపడ్డప్పుడల్లా వెనక వరసల్లోంచి "చీపురూ!" అని కేక, దాని వెంట నవ్వులు. ఎడమక్క మొదటి వరసలో కూర్చుని ఎదురుగా ఉన్న మైకు వంకే చూస్తూ అన్నీ దిగమింగింది. ఇంకో పది నిమిషాలు ఓపిక పడితే వీళ్ళే లేచి నిలబడతారు కదా అనుకుంది.

మావయ్యని వేదిక మీదికి పట్టుకెళ్ళారు. హాలంతా లేచింది. మందులషాపాయన మైకు అందుకుని అడిగాడు.

"అయ్యా, ఒక్క ప్రశ్న. ఆగిన చెయ్యి. ఆ చేతి వెనక రహస్యం ఏంటండీ?"

ఇంతకన్నా మంచి అదను ఎవరికి దొరుకుతుంది! ఎడమక్క కుర్చీ అంచుకి జరిగింది. మావయ్య మైకు తీసుకున్నాడు. ఎదురుగా మూడొందల మొహాలు, అన్నీ ఆయన నోటి వంకే చూస్తున్నాయి. మేనకోడలి వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

"రహస్యం ఏముంది బాబూ. మనసులో ఏముంటే చేతిలోకి అదే వస్తుంది."

చప్పట్లకి హాలు దద్దరిల్లింది. ఎడమక్కకి ఒళ్ళు భగ్గున మండింది. కూతురు చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టింది.

అంతలో ఎవరో "ఒక్కసారి చేసి చూపించండి!" అన్నారు. హాలంతా అందుకుంది. బొమ్మ ఎలాగూ ప్రదర్శనకి తెచ్చిందే. నల్లగుడ్డ కప్పిన బల్ల వేశారు, వెనక స్టూలు వేశారు. మావయ్య తలా కుడిచెయ్యీ తొడుక్కుని, బొమ్మకి ఎడమవైపు ఖాళీగా వేలాడుతున్న చొక్కా చేతిని చూసి నెమ్మదిగా అన్నాడు. "మా అమ్మాయిని పిలవండి. సాయానికి."

సాయానికి! ఆవిడ లేచి వెళ్ళింది. గుడ్డ వెనక్కి దూరి, ముప్ఫై రెండేళ్ళ కిందట కూర్చున్నట్టే ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి తొడుక్కుంది.

"కోపం తెచ్చుకోకే," గుసగుసగా అన్నాడాయన. "వాళ్ళ మొహాలు చూసేసరికి నోరు రాలేదు. బాగా చెయ్యి. మన పరువు."

"మనదా?" అంది ఆవిడ.

బూడిదయ్య తలెత్తాడు. ఒక అమ్మాయి ముందుకొచ్చి, బల్ల మీద తల ఆనించి నిద్రపోతున్నట్టు పడుకుంది. తల ఆ పిల్ల వైపు తిరిగింది, ఒంగింది. ఇప్పుడు ఎడమచెయ్యి లేవాలి.

లేవలేదు.

బొమ్మ ఒళ్ళో గుడ్డముక్కలా పడేసి ఉంచింది. ఒక్క వేలు కదపలేదు. చెయ్యి లేకపోతే నీ మనసులోది ఎక్కడికొస్తుందో చూద్దాం అనుకుంది. మావయ్య ఆవిడ వైపు ఒరిగాడు. "లేపు," అన్నాడు. "లేపవే, చూస్తున్నారు. నీ కాళ్ళు పట్టుకుంటా, లేపు." తల వణికింది, ఆ చేతి వంకా పిల్ల వంకా గాభరాగా చూసింది. ఆవిడ కదలలేదు. ముప్ఫై రెండేళ్ళలో అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు.

ఇక నవ్వులు మొదలవుతాయని చెవులు రిక్కించింది. వినపడింది వెక్కు. తరవాత ఇంకొకటి. గుడ్డ సందులోంచి చూస్తే మందులషాపాయన రెండు చేతుల్లో మొహం పెట్టుకుని భోరుమంటున్నాడు.

"ఈసారి లేపనైనా లేదు!" అని ఏడుస్తూనే అరిచాడు. "అప్పుడు లేపి ఆగాడు. ఇప్పుడు లేపకుండానే ఆగాడు! ఇంతకాలానికి బూడిదయ్యకి తెలిసొచ్చింది. అదీ చెయ్యంటే!"

మూడొందల మంది లేచి నిలబడ్డారు. శాలువాలతో కళ్ళు తుడుచుకున్నారు.

ఎడమక్క గుడ్డ లాగిపారేసి బయటికొచ్చింది. బొమ్మ నుంచి ఊడొచ్చిన చెయ్యి ఇంకా తన చేతికి వేలాడుతోంది. "ఆ చెయ్యి నాది! ఇప్పుడూ నాదే, అప్పుడూ నాదే. ఈయన పరువు తియ్యాలని నేనే కదపలేదు. బుద్ధి లేదూ మీకు? చచ్చిన చేతిని చూసి ఏడుస్తారా?"

మందులషాపాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"అమ్మా, కదపడం మీకు రాదని తెరమీద చూశాం. కదపకపోవడం కూడా మీ గొప్పేనంటారా?"

అప్పుడు వచ్చాయి నవ్వులు, ఆవిడ ఎదురుచూసినన్నీ. ఆవిడ మావయ్య వైపు తిరిగింది. ఆయన మైకు దగ్గరికి తీసుకున్నాడు.

"పోనీండి బాబూ. చిన్నపిల్ల. బాధలో ఏదో అంటోంది."

యాభై ఒక్కేళ్ళ చిన్నపిల్ల అక్కడే నిలబడింది. కూతురు వచ్చి, ఆ చేతికున్న బొమ్మ చొక్కా చెయ్యి మెల్లగా ఊడదీసి, అమ్మని తీసుకెళ్ళింది.

మంగళవారం నిర్మాత వర్క్‌షాపుకి వచ్చాడు. రెండో సీజన్ తల పెద్దాయనదే, మోకాళ్ళు నొప్పి కనక కుర్చీ వేయిస్తారు. "ఎడమచెయ్యి ఆ రోజున్నట్టే ఉండాలని అభిమానులు ఒకటే గొడవండీ. కదలకుండా. అందుకని ఇంకో మనిషి అక్కర్లేదు, ఒంటికి కుట్టేస్తే సరిపోతుంది." కూతురి వైపు తిరిగాడు. "కుట్టుపని ఎలాగూ మీకుంటుందండీ."

ఆయన వెళ్ళాక కూతురు సూదిని దారాల డబ్బాలో పడేసింది. "నేను కుట్టనమ్మా. మానేస్తాను."

"మానేస్తే ఇంకెవరో కుడతారు. నీ పనైనా ఉండనీ."

కూతురు బూడిదయ్యని ఒళ్ళోకి తీసుకుంది. చేతిలో దూది కూరి, మణికట్టు దగ్గర ఒక కుట్టు వేసింది, మోచేతి దగ్గర ఇంకోటి. అది వంకరగా, బల్ల మీద మర్చిపోయిన తొడుగులా కనిపించింది. ఎడమక్కకి చూడబుద్ధి కాలేదు. మొహం తిప్పుకుంది. మళ్ళీ తిరిగి చూసింది. ముప్ఫై రెండేళ్ళ పని ఊరుకోనిస్తుందా?

"అలా కాదే. విప్పు," అంది లేచొచ్చి. చేతిని రెండు వేళ్ళతో పట్టుకుని కాస్త కిందికి లాగి, అరచెయ్యి పైకి తిప్పి, వేళ్ళు ఒక్కోటీ కొంచెం ముడిచింది. అప్పుడు అది చెయ్యిలా ఉంది.

"నేను పట్టుకుంటాను," అంది. "గట్టిగా కుట్టు."