పశువుల దుంప దీపం

ఆపిల్ చెట్లు విరగకాశాయంటే ఊరంతటికీ సంబరమే గాని, రాహెల్‌కి మాత్రం తల ప్రాణం తోకకొచ్చినట్టే. తాతల నాటి రసం మిల్లు ఆమెది, ఇంటి వెనక షెడ్డులో ఉంటుంది. అక్టోబరు వచ్చిందంటే చాలు, బోడెన్ సరస్సు ఒడ్డు పెరళ్లలోని పండ్లన్నీ గోతాల్లో, ట్రెయిలర్లలో, చివరికి పసిపిల్లల తోపుడుబళ్లలో కూడా అక్కడికే వచ్చి చేరతాయి. పైగా ఎవరి పండ్ల రసం వాళ్లకే కావాలి. పక్కింటి పండు ఒక్కటి కలిసినా నాలుక మీద పడగానే తెలిసిపోతుందని ఇక్కడ ప్రతివాడూ ప్రమాణం చేసి చెబుతాడు. అందుకని ఒకరివి పిండడం అయ్యాక మిషను కడిగి మరీ ఇంకొకరివి మొదలుపెట్టాలి. నవంబరు సగం దాకా రాహెల్ నిలబడే తింటుంది, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకునే కూతురికి జడ వేస్తుంది.

భర్త రేమో ఎలక్ట్రీషియన్. మిల్లు తిరిగే రోజుల్లో సెలవు పెట్టి ఇల్లు, వంట, రెండేళ్ల బేనీని చూసుకుంటాడు. బేనీని చూసుకోవడమంటే వాడి నోట్లోంచి రోజంతా ఏదో ఒకటి బయటికి తీస్తూ ఉండడమే. ఇక వంట సంగతి అడిగితే, తనంతటివాడు లేడని రేమో నమ్మకం. ఇంట్లో ఏ కూరగాయా కుళ్లకూడదన్నది ఆయనగారు పట్టిన వ్రతం.

కూతురు ఫ్లురీనాకి అయిదేళ్లు. ఆ పిల్లకి తల్లి ఇచ్చిన మాట ఒకటుంది. ఈసారి దుంపదీపాల ఊరేగింపుకి తప్పకుండా వస్తానన్నది ఆ మాట.

ఆ ఊరేగింపు నవంబరు మొదట్లో వస్తుంది. కిండర్‌గార్టెన్ పిల్లలు టర్నిప్ దుంపల్ని లోపల తొలిచి, పైన బొమ్మలు చెక్కి, లోపల కొవ్వొత్తి పెట్టి, కర్రలకి వేలాడగట్టుకుని పాడుకుంటూ ఊరంతా తిరుగుతారు. వీధి దీపాలార్పేస్తారు, ఇళ్లలో దీపాలూ ఆర్పేస్తారు. అమ్మానాన్నలు రోడ్డు పక్కన నిలబడి, ఆ చీకట్లో తమ పిల్ల దీపం ఏదో చూసి గుర్తుపట్టాలి. పెద్ద దీపాలుంటే వాటి బండి లాగేవాళ్లు తప్ప పెద్దవాళ్లెవరూ పిల్లల వరుసలో నడవకూడదని టీచర్ ఆమన్ కట్టడి. ఆవిడ మాట అంటే ఊళ్లో మేయరు కూడా వెనక్కి తగ్గుతాడు.

నిరుడు రాహెల్ రొట్టెల కొట్టు దగ్గర నిలబడతానని చెప్పింది. సరిగ్గా బయలుదేరే వేళకి ఎవరో ట్రెయిలర్ నిండా పండ్లు తెచ్చి దింపారు. ఆ సాయంత్రం ఫ్లురీనా రొట్టెల కొట్టు వైపే మెడ తిప్పి నడిచి, ముందు పిల్లాడికి గుద్దుకుని దీపం ఆర్పుకుందని తర్వాత టీచరే చెప్పింది. పిల్ల మాత్రం ఇంటికొచ్చి ఒక్క ముక్క అనలేదు. ఏడ్చి గోల చేసినా బాగుండేది. ఆ నోరు విప్పకపోవడమే ఏడాది పొడుగునా రాహెల్ గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఈ ఏడు ఊరేగింపు శుక్రవారం అనగా, సోమవారం నాడు ఫ్లురీనా దుంపని ఇంటికి తెచ్చుకుంది. కిండర్‌గార్టెన్లో కుప్పలోంచి తనే ఏరుకుందట. ఊదారంగు బుగ్గలు, పక్కన ముక్కులాంటి బొడిపె. దానికి గెర్డా అని పేరు కూడా పెట్టింది. వేడి తగిలితే దుంప వడిలిపోతుంది, నేలమాళిగలో పెట్టాలి. రాహెల్ ఫోన్లో ఎవరికో రేపు పొద్దున్నే రమ్మని చెబుతూ, గెర్డాని తీసుకెళ్లి చేతికందిన బుట్టలో పెట్టి పైకొచ్చేసింది. ఆ బుట్టలో ఇంకేం ఉన్నాయో చూసే తీరిక ఆవిడకెక్కడిది?

అందులో ఉన్నవి క్యారెట్లు, ఉల్లిపాయలు, లావుపాటి ఉల్లికాడల్లాంటి లీక్ కాడలు.

మంగళవారం రాత్రి సూప్ అమోఘంగా ఉంది. ఆ మాట అన్నది రేమో ఒక్కడే కాదు, ఫ్లురీనా కూడా. మారు వడ్డించుకుని రొట్టె ముక్కతో గిన్నె అంతా తుడుచుకు తింది. రాహెల్ నిలబడే తాగేసి మళ్లీ షెడ్డుకి పరిగెత్తింది.

బుధవారం మధ్యాహ్నం బడి ఉండదు, ఊళ్లో ప్రతి ఇంట్లోనూ దుంపలు తొలిచేది ఆ పూటే. ఫ్లురీనా పాత పేపర్లు పరిచి, చెంచాలు వరసగా పేర్చి, గెర్డాని తేవడానికి కిందికి వెళ్లింది. ఉత్త చేతులతో తిరిగొచ్చి, గెర్డా ఎక్కడని అడిగింది.

‘‘గెర్డా ఎవరు?’’ అన్నాడు రేమో. అంతలోనే భార్య ముఖం చూసి తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. రాహెల్‌కి బుట్ట గుర్తొచ్చింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు. పెట్టింది తను, వండింది ఆయన, తిన్నది అందరూ.

ఫ్లురీనా తండ్రి వైపు, పొయ్యి మీద కడిగి బోర్లించిన గిన్నె వైపు చూసింది.

‘‘నిన్న మనం తిన్నది గెర్డానేనా నాన్నా?’’

రేమో తలూపాడు.

‘‘నేను మళ్లీ వడ్డించుకున్నాను కూడా’’ అంది పిల్ల, పెదవి వణుకుతుండగా.

నవ్వితే పాపం, నవ్వకపోతే కడుపు పగిలిపోయేలా ఉంది. రేమో గబగబా బేనీ నోట్లో ఏముందో చూసే నెపం మీద అటు తిరిగాడు. రాహెల్ మాత్రం నవ్వలేకపోయింది. నిరుడు మాట తప్పింది, ఈ ఏడు దీపమే లేకుండా చేసింది. అంగడికి ఫోన్ చేస్తే టర్నిప్‌లు నిన్ననే అయిపోయాయన్నారు. బయట షెడ్డు ముందు ముగ్గురు మనుషులు పండ్లతో కాచుక్కూర్చున్నారు. రాహెల్ వాళ్ల దగ్గరికెళ్లి, ఇప్పుడే వస్తాను, కోపమొస్తే మీ పండ్లే మీరు తింటూ ఉండండి అని చెప్పి, పిల్లని కారెక్కించింది.

వెళ్లింది హుల్డా దగ్గరికి. హుల్డా ఊరి చివర ఆవుల్ని పెంచుకునే ముసలమ్మ. ఏటా ఆకులూ పుల్లలూ పురుగులతో సహా పండ్లు తెచ్చి, రసం పలచనైందని రాహెల్‌తోనే పోట్లాడుతుంది. ఆవిడ సంగతంతా విని కడుపు పట్టుకుని నవ్వింది. టర్నిప్‌లు తన దగ్గర లేవంది. చలికాలం ఆవులకి వేసే దుంపలు మాత్రం కొట్టం వెనక గుట్టగా ఉన్నాయి, కావలసింది తీసుకోమంది. బీట్‌రూట్‌కి పెద్దన్నల్లాంటివి అవి. పసుపు పచ్చగా, మట్టి కొట్టుకుని, ఒక్కోటి బేనీ తలకాయని మించి ఉన్నాయి.

హుల్డా వెతికి వెతికి చిన్నదాన్ని తీసి ఫ్లురీనాకిచ్చింది. ‘‘ఇదుగో పిల్లా, ఇదైతే కర్రకి కట్టుకుని నువ్వే మోసుకోవచ్చు. మీ నాన్న వండబోతే మాత్రం చెప్పు, కర్రతో నేనొస్తాను.’’

ఫ్లురీనా దాన్ని చేతిలో పట్టుకుని చూసింది. బరువు లేదు, చక్కగా గుండ్రంగానే ఉంది. మర్యాదగా హుల్డాకి తిరిగిచ్చేసి, గుట్ట చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, అన్నిటికన్నా పెద్దదాని మీద చెయ్యి వేసింది. అది దుంప కాదు, దుంపల రాజు.

‘‘ఇది’’ అంది.

నువ్వు మోయలేవే అని రాహెల్ చెప్పి చూసింది. కర్ర విరిగిపోతుందంది, తాడు తెగిపోతుందంది. పిల్ల చెయ్యి తియ్యలేదు. గెర్డాని మింగేసిన ఇంటివాళ్లు ఏ మొహం పెట్టుకుని కాదనగలరు? హుల్డా, రాహెల్ చెరోపక్కా పట్టుకుని దాన్ని కార్లోకి ఎత్తారు. ఆ పాపిష్టి దుంప సీటు బెల్టు పెట్టుకునే ఇంటికొచ్చింది.

దాన్ని తొలవడం చెంచాల పని కాలేదు. టర్నిప్ మెత్తన, ఇది కొయ్య. రేమో చేసిన తప్పుకి శిక్షగా డ్రిల్లు తెచ్చి ఆ రాత్రీ, గురువారం రాత్రీ దానితో కుస్తీ పట్టాడు. వంటిల్లంతా మట్టివాసన, జుట్టులో దుంప పొట్టు. తొలిచిన ముక్కలు బేనీ తిన్నన్ని తిన్నాడు, మిగిలినవి ఆవులకి పంపారు, సూప్ చేస్తానని ఎవరూ అనలేదు. ఒక పక్క ఆపిల్ పండు, ఇంకో పక్క ఆవు, మూడో పక్క పెద్ద బూట్లేసుకున్న మనిషి చెక్కాలంది ఫ్లురీనా. ఆ బూట్ల మనిషి ఎవరని రేమో అడిగితే చెప్పలేదు. ఇంత దుంప ఏ కర్రకీ ఆగదు గనక మిల్లులో పండ్లు మోసే చేతిబండి మీద పెట్టి కట్టారు. బండి స్కూలు దాకా నాన్న తెస్తాడనీ, అక్కణ్ణించి పెద్దవాళ్లెవరో ఒకరు లాగుతారనీ, తాను రొట్టెల కొట్టు దగ్గర ఉంటాననీ రాహెల్ మళ్లీ మాటిచ్చింది. పిల్ల ఊఁ అని ఊరుకుంది.

శుక్రవారం సాయంత్రం చీకటి పడబోతుండగా ట్రెయిలర్ వచ్చింది. రాక ఏం చేస్తుంది? నిరుడు వచ్చినవాళ్లే, ఇంకా నిండుగా. పండ్లు దెబ్బతిన్నాయట, రేపటికి ఆగవట. రాహెల్ మిషను వైపు, గోడ మీది గడియారం వైపు చూస్తూ నిలబడింది. చేతులు అలవాటుగా మీటల వైపు వెళ్లాయి. అంతలో స్కూల్లో బండి దింపి, బేనీని చంకనేసుకుని వచ్చిన రేమో ఆమె చేతిలోంచి మిషను కడిగే గొట్టం లాక్కున్నాడు.

‘‘నువ్వెళ్లు. పండ్లు నేను పిండుతాను. నాకు మిషన్లు తెలుసు, దుంపలే తెలియవు’’ అన్నాడు.

రాహెల్ బూట్లయినా మార్చుకోకుండా పరిగెత్తింది. ఒక్కొక్క వీధీ చీకటైపోతోంది, దీపాలు ఆర్పేస్తున్నారు. రొట్టెల కొట్టు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. అక్కడ నిలబడి ఊపిరి పీల్చుకుని చూసింది. ఊరేగింపు రాలేదు. పాట వినిపించడం లేదు. ఏదో అయిందని జనం గుసగుసలాడుకుంటున్నారు. రాహెల్ జనాన్ని తోసుకుంటూ బయటపడింది. స్కూలు వైపు పరిగెత్తింది.

అక్కడ గేటు ముందు పిల్లలంతా దీపాలతో వరసగా నిలబడి ఉన్నారు. వరస మధ్యలో చేతిబండి, దాని మీద పసుపుగా వెలుగుతున్న దుంపల రాజు, బండి ముందు పిడి పట్టుకుని ఫ్లురీనా. వెనక ఉన్న పిల్లలు కదలలేరు, ముందున్నవాళ్లు వదిలి వెళ్లలేరు. టీచర్ ఆమన్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. తోటివాళ్ల నాన్న ఒకాయన బండి తాను లాగుతానన్నాడట. స్కూలు కాపలాదారు కూడా అడిగాడట. ఫ్లురీనా ఎవరికీ పిడి ఇవ్వలేదట.

‘‘మా అమ్మ లాగుతుంది అంటుందే గాని అడుగు కదపదు’’ అంది టీచర్. ‘‘రొట్టెల కొట్టు దగ్గర మీరున్నా లేకున్నా ఒకటే, మీరొచ్చేదాకా ఈ ఊళ్లో ఊరేగింపు లేదన్నమాట. రండి, పట్టుకోండి.’’

రాహెల్ జుట్టులో ఆపిల్ పిప్పి, కాళ్లకి రబ్బరు బూట్లు. ఆ అవతారంలోనే పిల్లల వరుసలోకి వెళ్లి పిడి పట్టుకుంది. ఫ్లురీనా పక్కకి జరిగి చోటిచ్చింది. చివరి వీధి దీపం కూడా ఆరింది. ముందున్న పిల్లలు పాట అందుకున్నారు, బండి కిర్రుమంటూ కదిలింది.

చీకట్లో ఇరుపక్కలా నిలబడ్డ అమ్మలూ నాన్నలూ తమ తమ దుంపల్ని వెతుక్కుంటున్నారు. రొట్టెల కొట్టు దగ్గరికి వచ్చేసరికి ఎవరో, ఆ దుంప చూడండర్రా అని నవ్వారు. రాహెల్ ఆ చోటుకేసి ఒకసారి చూసింది. నిరుడు తను నిలబడాల్సిన చోటు అదే. ఫ్లురీనా మాత్రం అటు మెడ తిప్పలేదు, తల్లి పక్కన ముందుకే చూస్తూ గొంతెత్తి పాడుతోంది. దుంప మీది బూట్ల మనిషి నీడ, బండితో పాటు గోడల మీద నడిచి వెళ్లింది. ఆ మనిషి ఎవరో రాహెల్‌కి ఇప్పుడు తెలిసింది, తన రబ్బరు బూట్లకేసి చూసుకుంది.

పాట ఆగిన చోట వంగి అడిగింది. ‘‘హుల్డా అవ్వ చిన్నది ఇస్తానంటే ఎందుకు వద్దన్నావే?’’

‘‘చిన్నదైతే నేనే మోసేదాన్ని.’’

‘‘అది మంచిదేగా?’’

‘‘ఏం మంచిది? అప్పుడు నువ్వు మళ్లీ ఆపిల్స్ దగ్గరే ఉండిపోయేదానివి.’’

రాహెల్ పిడి మీదున్న ఫ్లురీనా చేతిని తన చేత్తో కప్పింది. జేబులో ఫోన్ మోగింది. అది మోగి మోగి ఆగేదాకా బయటికి తియ్యలేదు.

‘‘వచ్చే ఏడు చిన్న దుంపే తెచ్చుకుందాం తల్లీ’’ అంది చివరికి. ‘‘చిన్నదైనా సరే, తప్పకుండా వస్తాను. మాటిస్తున్నాను.’’

ఫ్లురీనా దుంపల రాజు వైపు తిరిగి చూసింది. తల్లి మాటంటే ఆ పిల్లకి ఇష్టమే.

‘‘వద్దులే’’ అంది. ‘‘పెద్దదే తెచ్చుకుందాం.’’