పంటు తిరిగిన చుట్టుదారి

ఆషాఢంలో కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. నది దాటించే పంటు పడవకు గడప లేదని కనిపెట్టింది తేజస్వే. ఆదివారం మధ్యాహ్నం నాలుగు దాటాక ఆమె పుట్టింటి నుంచి వచ్చి నరసాపురం రేవులో పంటు ఎక్కింది. అవతలి సఖినేటిపల్లి నుంచి అందులోనే వచ్చిన భర్త ఉదయ్‌భాస్కర్, దిగకుండా మల్లెపూల పొట్లంతో నిలబడి ఉన్నాడు.

ఆమె చేతిలో లాప్‌టాప్ చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"దీన్ని కూడా తెచ్చావా?"

"అయిదింటికి ల్యాబ్ మెషీన్ మీద నా వంతండి. ఇవాళ కుదరకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నారు మా గైడ్. ఏడాది కష్టం."

గడ్డకట్టే చలిలో ఉంచిన చిప్ మీద ఒక క్యూబిట్, అంటే క్వాంటం కంప్యూటర్‌లో లెక్కకు ఆధారమైన బుల్లి భాగం. దాన్ని మైక్రోవేవ్ పల్స్‌తో నెట్టి కోరిన స్థితిలో నిలపాలి. ఒకటి కాదు, మూడు స్థితులు. మూడింటికీ పల్స్ ఆకారం ఒకటే, మార్చేది ఒక్క సెట్టింగ్. చిక్కల్లా పల్స్ బలంతోనే. అది పూటపూటకీ కాస్త అటూ ఇటూ అవుతుంది. అయినప్పుడల్లా మూడో స్థితి గురి తప్పేది.

పంటు కదిలింది. నదిలో అప్పుడే వరద ఎర్రనీరు మొదలైంది. అవతలి రేవు ఎదురుగా కనిపిస్తున్నా, పంటు నడిపే బంగార్రాజు ఎగువకు తిప్పాడు.

"చుట్టూ తిప్పుతున్నారేంటండి?" అన్నాడు ఉదయ్, ఆ ఆలస్యానికి లోలోపల మురిసిపోతూ.

"తిన్నగా పోవాలంటే నీటి జోరు నేననుకున్నంతే ఉండాలండి. కాస్త ఎక్కువైతే రేవు దాటిపోతాం. ఎగువకెళ్ళి వాలుగా దిగితే, జోరు అటూ ఇటూ అయినా రేవు తగులుద్ది. అయినా మీకు తొందరేంటండి, ఆయ్?"

ఉదయ్ నవ్వాడు. తేజస్వి నవ్వలేదు. పల్స్ నలభై నానోసెకన్లు దాటకూడదని పట్టుబట్టింది తనే. తిన్నగా పొమ్మన్నది తనే. లాప్‌టాప్ తెరిచి నలభై చెరిపి తొంభై చేసింది. బలం ఐదు శాతం పెరిగినా తగ్గినా మూడు స్థితులూ అందే దారి వెతకమని ప్రోగ్రామ్‌కు చెప్పింది.

అవతలి రేవులో ఇద్దరూ దిగలేదు. తిరుగు దారిలో, సరిగ్గా నది మధ్యలో లెక్క తేలింది. ఉదయ్ ఫోన్ ఎత్తిపట్టుకుంటే సిగ్నల్ దొరికింది. అయిదింటికి పల్స్ ల్యాబ్‌కు వెళ్ళింది. ఎదురుచూస్తూ అతనే ఆమె జడలో మల్లెలు తురిమాడు, వంకరగా.

నరసాపురం రేవు తగులుతుండగా తెర మీదికి స్థితికొకటి చొప్పున మూడు గీతలు వచ్చాయి. ల్యాబ్‌లో బలం ఎంత మార్చి చూసినా మూడూ తొంభై తొమ్మిది శాతం పైనే.

"మూడోది?" అన్నాడు ఉదయ్.

"అందిందండి."

"మా ఆవిడ గెలిచింది," అన్నాడు అతను, పక్కనే చేపల గంపతో కూర్చున్న రత్తమ్మతో.

"ఏం గెలిచింది బాబూ?"

"ఒకే పంటుతో మూడు రేవులు."

అర్థం కాకపోయినా రత్తమ్మ సంతోషించింది. అందరూ దిగిపోయారు.

"మీరు దిగరేంటండి?" అన్నాడు బంగార్రాజు.

"ఇంకో ట్రిప్పు వస్తామండి," అంది తేజస్వి. "ఈసారి ఇంకాస్త ఎగువకు తిప్పండి."